మెస్ వరసలో చివరి పిల్లాడు

రాత్రి ఏడున్నరకి మెస్ బెల్లు కొట్టగానే పిల్లలు ఎలా పరిగెడతారో గురుకులంలో పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పళ్లేల చప్పుడు, తోపులాట, "సార్, వీడు మధ్యలో దూరాడు" అన్న ఫిర్యాదులు. ఆ గోలలో ఒక పిల్లాణ్ణి పట్టించుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఐదో తరగతిలో కొత్తగా చేరినవాడు. బెల్లు కొట్టాక కుళాయి దగ్గరికి వెళ్లి పళ్లెం కడిగేవాడు. కడిగిన పళ్లేన్నే మళ్లీ కడిగేవాడు. వెనకొచ్చినవాళ్లందర్నీ ముందుకు పోనిచ్చి ఆఖరున నిలబడేవాడు. మర్యాద తెలిసిన పిల్లాడనుకున్నాను. వార్డెన్ దగ్గర మెచ్చుకున్నాను కూడా.

అసలు సంగతి తర్వాత తెలిసింది. ముందు వెళ్లినవాడు అన్నం పెట్టించుకుని వెనక్కి తిరిగి, ఎవరి పక్కన కూర్చోవాలో తేల్చుకోవాలి. "ఇటు రారా" అని ఏ మూల నుంచీ పిలుపు రాకపోతే ఆ సంగతి హాలంతా చూస్తుంది. ఆఖరున వెళ్తే ఆ గొడవ లేదు. ఖాళీ ఎక్కడ మిగిలితే అక్కడ కూర్చుంటే సరి. తనని ఎవరూ పిలవడం లేదన్న సంగతి బయటపడకుండా పదేళ్లవాడు రోజుకి మూడుసార్లు చేసుకున్న ఏర్పాటు అది.

అప్పటికి నేను హౌస్ మాస్టరుగా తొమ్మిదేళ్లు చేశాను. ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడం బాగా వచ్చనుకునేవాణ్ణి. ఈ పిల్లాడు ఏడవలేదు. అందుకే కనపడలేదు.

ఈ బాధకి మన భాషలో ఒక పేరు కాదు, నాలుగైనా ఉన్నాయి. వాటిని విడదీసుకుంటే సగం పని తేలికవుతుంది. మొదటిది బెంగ. అమ్మ మీద బెంగ, ఇంటి మీద బెంగ, ఒక్కో పిల్లాడికి ఇంటి దగ్గర కట్టేసొచ్చిన దూడ మీద కూడా బెంగే. ఎప్పుడైనా గమనించారా, బెంగ ఎప్పుడూ దేని 'మీదో' ఉంటుంది. దానికో చిరునామా ఉంది. ఆ చిరునామాకి ఒక ఫోను కలిపితే కాస్త తగ్గుతుంది, సెలవులకి ఇంటికి పంపితే మాయమవుతుంది, తిరిగొచ్చిన రాత్రి మళ్లీ జ్వరంలా తగులుకుంటుంది. జూన్‌లో బడి తెరిచిన మొదటి పదిహేను రోజులు, దసరా సెలవుల తర్వాత రెండు రోజులు, సంక్రాంతి తర్వాత మూడు రోజులు. అనుభవమున్న వార్డెన్లకి ఈ లెక్క పంచాంగంలా నోటికొచ్చు.

ఒంటరితనానికి ఆ 'మీద' లేదు. "నీకు ఎవరు గుర్తొస్తున్నార్రా?" అని అడిగితే ఆ పిల్లాడు జవాబు చెప్పలేకపోయాడు. ఎవరూ గుర్తు రావడం లేదు. ఇక్కడ ఎవరూ తనవాళ్లు కావడం లేదు, అంతే. ఇంటికి పంపినా అది పోదు, ఇంటి దగ్గర కనపడకుండా ఉంటుందంతే. మూడోది ఏకాంతం. కొందరు పిల్లలు మధ్యాహ్నం వేపచెట్టు కింద ఒక్కరే కూర్చుని చీమల్ని చూస్తారు, బొమ్మలేసుకుంటారు, ఉత్తినే ఉంటారు. వాళ్లకే లోటూ లేదు. అలాంటివాళ్లని లేపి "పోయి ఆడుకో" అని తరిమిన పాపం నేనూ కొంత మూటగట్టుకున్నాను. నాలుగోది వెలి. దాని సంగతి వేరు, చివర్లో చెబుతాను.

మనస్తత్వశాస్త్రం ఈ తేడాని కాస్త ఆలస్యంగానే పట్టుకుంది. 1973లో రాబర్ట్ వైస్ అనే అమెరికన్ పండితుడు ఒంటరితనం మీద ఒక పుస్తకం వేస్తూ, ఇది రెండు రకాలుగా ఉంటుందన్నాడు. మనసు విప్పి చెప్పుకోవడానికి దగ్గరి మనిషి ఒకరు లేకపోవడం మొదటిది. చుట్టూ ఒక జట్టు, 'మనవాళ్లు' అనుకునే గుంపు లేకపోవడం రెండోది. ఒకదాని లోటుని ఇంకొకటి పూర్తిగా తీర్చలేదని ఆయన వాదన. కబడ్డీ జట్టులో ఎప్పుడూ నవ్వుతూ ఉండే పిల్లాడు రాత్రి దుప్పటి ముసుగేసుకుని ఏడవడం, ప్రాణస్నేహితురాలున్న పిల్ల కూడా సెక్షన్ మారగానే దిక్కుతోచక నిలబడటం ఈ లెక్కలో చూస్తే వింతగా అనిపించవు. తర్వాత 1981లో పెర్ల్‌మన్, పెప్లా అనే ఇద్దరు ఇంకో మాట చేర్చారు: మనిషి కోరుకున్న స్నేహాలకీ, చేతిలో ఉన్న స్నేహాలకీ మధ్య ఖాళీయే ఒంటరితనం అని. నలుగురు కావాలనుకునేవాడికి ఒకడున్నా చాలదు, ఒకడు చాలనుకునేవాడికి ఆ ఒకడుంటే లోటే లేదు. అందుకని పిల్లాడి చుట్టూ ఎంతమంది ఉన్నారో బయట నుంచి లెక్కపెట్టి ఏమీ తేల్చలేం. వాణ్ణే అడగాలి.

అడిగితే చెబుతారా? చెబుతారు, అడగడం తెలియాలి. 1984లో స్టీవెన్ ఆషర్ బృందం మూడు నుంచి ఆరో తరగతి దాకా చదివే 506 మంది పిల్లల్ని అడిగింది. మొత్తం 24 వాక్యాలు. వాటిలో 8 వాక్యాలకి ఒంటరితనంతో సంబంధమే లేదు. పిల్లల ఇష్టాల గురించి, సరదాల గురించి. అడుగుతున్నది ఒక్క విషయమేనని తెలిస్తే పిల్లలు బిగుసుకుపోతారని వాటిని మధ్యమధ్యలో కలిపారు. పదిమందిలో ఒకరికి పైగా తమకి ఒంటరిగా ఉందని చెప్పుకున్నారు. నాకు ఆ అంకె కన్నా ఆ ఎనిమిది వాక్యాలే ముఖ్యంగా తోస్తాయి. మేం పిల్లాణ్ణి స్టాఫ్ రూముకి పిలిచి, నలుగురు మాస్టర్ల ముందు నిలబెట్టి "ఏంట్రా, ఫ్రెండ్స్ లేరా నీకు?" అని అడిగేవాళ్లం. "ఉన్నారు సార్" అనక ఏమంటాడు?

పిల్లాడికి ఒంటరిగా ఉందని తెలిశాక పెద్దలందరం చెప్పే మాట ఒకటే. అందరితో కలిసిపోవాలి. పదేళ్లపాటు నేనూ చెప్పాను. ఆ మాట ఎందుకు పనిచెయ్యదో చెప్పాలంటే చికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాన్ కాసియోపో గురించి చెప్పాలి. ఒంటరితనం మీద ఏళ్ల తరబడి పనిచేసి 2018లో పోయారాయన. ఆయన చూపు సూటిగా ఉంటుంది. ఆకలి వేస్తే ఒంటికి తిండి కావాలని తెలుస్తుంది, దాహం వేస్తే నీళ్లు కావాలని తెలుస్తుంది. ఒంటరితనం కూడా అలాంటి కబురే. గుంపుతో బతికిన జంతువుకి గుంపు నుంచి విడిపోతే ప్రాణం మీదికొస్తుంది గనక, విడిపోయినప్పుడు నొప్పి పుట్టాలి. ఆ నొప్పి జబ్బు కాదు, లోపం అసలే కాదు.

చిక్కు ఆ తర్వాత వస్తుంది. గుంపు నుంచి విడిపోయిన ప్రాణి వెనక్కి రావాలనీ కోరుకుంటుంది, ఎక్కడ ప్రమాదముందో అని చెవులు నిక్కబొడుచుకునీ ఉంటుంది. ఒంటరి పిల్లాడి మనసులో ఇలాగే ఒక కాపలావాడు లేచి కూర్చుంటాడు. వరండాలో ఇద్దరు నవ్వుకుంటే, నా గురించే. లెక్కల సార్ పేరు పిలవకుండా దాటిపోతే, నేనంటే ఆయనకి పడదు. ఎవరైనా వచ్చి "ఆడదాం రా" అంటే, ఒకడు తక్కువయ్యాడు కాబట్టి పిలిచారు. కాపలావాడు చెప్పింది నమ్మి పిల్లాడు మొహం ముడుచుకుంటాడు, ముక్తసరిగా జవాబిస్తాడు. పిలవడానికి వచ్చినవాడు "వీడికి పొగరు" అనుకుని వెళ్లిపోతాడు. కాపలావాడు అనుమానించినట్టే అయింది! రెండోసారి ఇంకా గట్టిగా కాపలా కాస్తాడు.

ఇలా ఉన్నవాణ్ణి తీసుకెళ్లి యాభైమంది మధ్యలో కూర్చోబెట్టి కలిసిపో అంటే, వాడికి అక్కడ కనిపించేది యాభై అనుమానాలు. ఒంటరితనం తగ్గించడానికి అప్పటిదాకా చేసిన ప్రయత్నాలన్నిటినీ కాసియోపో, ఆయన తోటివారు 2011లో ఒకచోట పెట్టి బేరీజు వేశారు. మనుషుల్ని ఊరికే ఒకచోట కలపడం, మాట్లాడే మెళకువలు నేర్పడం కన్నా, ఆ లోపలి కాపలావాడి మాటల్ని సరిచూసుకోవడం నేర్పిన పద్ధతులే ఎక్కువ పనిచేశాయని తేలింది. ఆ లెక్కలోకి పెద్దవాళ్ల మీద చేసిన పనులు కూడా వచ్చాయి, కాబట్టి దాన్ని ఉన్నపళంగా ఐదో తరగతికి అతికించలేం. కానీ పిల్లలతో దీన్ని ఆటలా చెయ్యొచ్చు. "వాళ్లిద్దరూ నవ్వారు. ఎందుకు నవ్వి ఉంటారు? మూడు కారణాలు చెప్పు" అంటాను. మొదటి కారణం ఎప్పుడూ "నన్ను చూసి సార్" అనే వస్తుంది. రెండోది కాస్త ఆలోచించి. మూడోది వచ్చేసరికి వాడే నవ్వుతాడు: "వార్డెన్ సార్ లుంగీ ఊడిపోబోయింది సార్, అందుకు." కాపలావాణ్ణి కొట్టి పారేయడం మనవల్ల కాదు. కాసేపు పక్కకి చూసేట్టు చెయ్యగలం.

ఇక స్నేహాల సంగతి. తరగతిలో అందరూ ఇష్టపడే పిల్లలూ, ప్రాణస్నేహితుడున్న పిల్లలూ ఒకరే కారని 1993లో పార్కర్, ఆషర్ చూపించారు. తరగతిలో ఎవరికీ పెద్దగా నచ్చని పిల్లల్లో కూడా చాలామందికి ఒక మంచి నేస్తం ఉంటాడు. ఆ నేస్తం ఉండటం, ఆ స్నేహం గట్టిది కావడం ఒంటరితనాన్ని విడిగా తగ్గిస్తాయి. హౌస్ మాస్టరుకి ఇంతకన్నా ఊరటనిచ్చే కబురు ఇంకోటి ఉండదు. నలభైమందికీ ఒక పిల్లాణ్ణి నచ్చేట్టు చెయ్యడం బ్రహ్మ తరం కాదు. ఒక్కడికి నచ్చేట్టు చూడటం మా తరమవుతుంది.

ఆ ఒక్కడెవడో ఎలా తెలుస్తుంది? ఇక్కడ 1932 నాటి ఒక కథ చెప్పుకోవాలి. న్యూయార్క్ రాష్ట్రంలో హడ్సన్ అనే ఊళ్లో ఆడపిల్లల వసతి పాఠశాల ఒకటి ఉండేది. ఆ ఏడు రెండు వారాల్లో 14 మంది పిల్లలు అక్కణ్ణించి పారిపోయారు. మామూలుగా పారిపోయే వాళ్లకి అది ముప్పై రెట్లు. ఎవరిని అడిగినా ఆ పిల్లల స్వభావం మంచిది కాదనే చెప్పి ఉండేవారు. జేకబ్ మొరేనో అనే వైద్యుడు మాత్రం పిల్లల స్వభావాల జోలికి పోకుండా, ఎవరితో ఎవరు కలిసి ఉండాలనుకుంటున్నారో అడిగి, ఆ జవాబుల్ని చుక్కలూ గీతలుగా బొమ్మ గీశాడు. ఎవరెప్పుడు పారిపోయారన్నది ఆ గీతల వెంబడే నడిచింది. ఎవరి గీతా వచ్చి తాకని చుక్కలు కూడా ఆ బొమ్మలో కనిపించాయి. 1934లో వచ్చిన ఆయన పుస్తకంతో ఆ పద్ధతికి పేరొచ్చింది.

ఇక మన దగ్గరికొస్తే, గురుకులాల చరిత్ర 1971లో సర్వేలు అనే ఊళ్లో పెట్టిన బడితో మొదలైంది. నవోదయలు 1986లో వచ్చాయి, కస్తూర్బా బాలికా విద్యాలయాలు 2004లో. ఇవాళ రెండు తెలుగు రాష్ట్రాల్లో ఐదో తరగతికో ఆరో తరగతికో ట్రంకు పెట్టె పట్టుకుని ఇల్లు దాటే పిల్లలు లక్షల్లో ఉన్నారు. ఎన్నో పేద ఇళ్లలో మొదటి డిగ్రీ, మొదటి ఉద్యోగం ఆ పెట్టెలోంచే వచ్చాయి. ఆ పిల్లలకి మంచాలు ఎలా కేటాయిస్తామో తెలుసా? అడ్మిషన్ నంబరు ప్రకారం. లేదా అక్షరక్రమంలో. రాత్రి నిద్రపట్టనప్పుడు ఎవరి మొహం కనిపిస్తుందో, రహస్యం చెప్పుకోవడానికి ఎవరి చెవి అందుతుందో రిజిస్టరు తేలుస్తుంది.

ఆ పిల్లాడి సంగతి తెలిశాక నేను ఒక పని చేశాను. సాయంత్రం స్టడీ అవర్‌లో అందరికీ తలో చీటీ ఇచ్చి, మంచాలు మారుస్తున్నాం, పక్కన ఎవరుంటే బాగుంటుందో ముగ్గురి పేర్లు రాయమన్నాను. ఎవరు వద్దో రాయమనలేదు. ఆ ప్రశ్న అడగనే కూడదు, అడిగితే చీటీ పైన రాసింది రాత్రికి డార్మిటరీ అంతటికీ తెలుస్తుంది. నలభై రెండు చీటీలు. మా కుర్రాడి పేరు ఒక్క చీటీలోనూ లేదు. ఇంకో ఇద్దరి పేర్లు కూడా లేవు. వాళ్లలో ఒకడు క్లాస్ లీడరు. నాకు ఆశ్చర్యమేసింది గానీ తర్వాత ఆలోచిస్తే అర్థమైంది, అల్లరిచేసేవాళ్ల పేర్లు బోర్డు మీద రాసేవాడి పక్కన ఎవరు పడుకుంటారు? ఆ పని వాడికి అప్పజెప్పింది నేనే.

చీటీల్లో ఇంకొకటి దొరికింది. మా కుర్రాడు రాసిన మూడు పేర్లలో మొదటిది, ఎప్పుడూ తోటలో కనిపించే ఒక బక్క పిల్లాడిది. వాడికి మొక్కల పిచ్చి. మర్నాడు ఇద్దరికీ కలిపి బెండ మడి నీళ్ల పని అప్పగించాను. ఎందుకన్నది చెప్పలేదు. "మీరిద్దరూ స్నేహంగా ఉండండి" అని పెద్దవాళ్లు చెబితే ఆ స్నేహం అక్కడే చస్తుంది. పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, ఎదురెదురుగా కూర్చుని స్నేహం చెయ్యరు. పక్కపక్కన నిలబడి ఏదో ఒక పని చేస్తుంటే అది వెనకనుంచి వచ్చి చేరుతుంది. మొదటి వారం రెండు బకెట్లూ చెరో వైపు. రెండో వారం ఒకే బకెట్టుని ఇద్దరూ చెరో చెయ్యీ వేసి మోశారు, సగం నీళ్లు కాళ్ల మీదే పోసుకుంటూ.

రోజూ బడికి వెళ్లొచ్చే పిల్లలకి ఈ కష్టాలు లేవనుకోకండి. హాస్టల్లో ఒంటరితనం మెస్సులో బయటపడితే, మామూలు బడిలో రెండు చోట్ల బయటపడుతుంది. ఒకటి మధ్యాహ్న భోజనం, రెండోది "గ్రూపులు మీరే చేసుకోండి" అని టీచరు అన్న క్షణం. మేం స్వేచ్ఛ ఇస్తున్నామనుకుంటాం. ఎవరూ పిలవని పిల్లకి ఆ అర నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో తెలిస్తే ఇంకెప్పుడూ అనం. టీచరే పేర్లు చదివితే ఒక్క నిమిషం పని. ఆటల పీరియడ్‌లో ఇద్దరు కెప్టెన్లని నిలబెట్టి ఒక్కొక్కణ్ణి ఏరుకోమనడం ఇంకా ఘోరం. చివర మిగిలినవాణ్ణి "వీణ్ణి నువ్వే తీసుకో" అని ఒకరి మీదికి ఒకరు తోసుకుంటారు.

మన ఊళ్లలో పిల్లలు దీనికెప్పుడో విరుగుడు కనిపెట్టారు. సమానంగా ఆడే ఇద్దరిద్దరు జతకట్టి దూరంగా వెళ్లి, చెవిలో పేర్లు పెట్టుకుని, భుజాల మీద చేతులేసుకుని కెప్టెన్ల దగ్గరికొస్తారు. "చందమామ కావాలా, సూర్యుడు కావాలా?" కెప్టెన్ చందమామ అంటాడు. చందమామ ఎవడో వాడికి తెలియదు. ఎవడూ చివర మిగలడు, ఎవణ్ణీ ఎవడూ కాదనలేదు. జట్లు కూడా సరిసమానంగా వస్తాయి. ఇంత తెలివైన ఏర్పాటుని ఇంట్లో పెట్టుకుని, మేం విజిలేసి కెప్టెన్ల చేత ఏరించే పద్ధతిని ఎక్కణ్ణించి తెచ్చుకున్నామో నాకిప్పటికీ అంతుపట్టదు.

ఫోన్ల గురించి అడుగుతారని తెలుసు. బడిలో ఒంటరిగా ఉందన్న పిల్లలు 2012కీ 2018కీ మధ్య 37 దేశాల్లో 36 చోట్ల పెరిగారని పీసా అనే అంతర్జాతీయ విద్యార్థుల సర్వే సమాధానాలని పరిశీలించినవాళ్లు 2021లో ప్రకటించారు. స్మార్ట్‌ఫోన్లు అన్ని చేతుల్లోకీ వచ్చిన కాలమే అది కాబట్టి వేళ్లన్నీ అటే చూపించాయి. ఆ 37లో మన దేశం లేదు. రెండు కలిసి పెరిగినంత మాత్రాన ఒకటి రెండోదాన్ని కన్నదనీ చెప్పలేం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి ఒంటరితనం ఉంది. వయసుల వారీగా చూస్తే టీనేజి పిల్లల్లోనే ఎక్కువ. మా హాస్టల్లో ఫోన్లు లేవు. అయినా ఒంటరితనం ఉంది. అంతవరకు నేను సాక్ష్యం చెప్పగలను.

ఫోను మాటకొస్తే, హాస్టలుకి ఇంటి నుంచి వచ్చే ఫోను గురించి తల్లిదండ్రులకి చెప్పాల్సింది ఉంది. వరసలో అరగంట నిలబడితే పిల్లాడికి దొరికేది మూడు నాలుగు నిమిషాలు. అందులో వినిపించే ప్రశ్నలు రెండే. "తిన్నావా నాన్నా?" "బాగా చదువుతున్నావా?" రెండింటికీ "ఆఁ" చాలు. ఇంకొక్క ప్రశ్న అడిగి చూడండి: "నిన్న అన్నాల దగ్గర నీ పక్కన ఎవరు కూర్చున్నార్రా?" పేరు చెబితే ఆ పేరు గుర్తుపెట్టుకుని వచ్చేవారం వాడెలా ఉన్నాడని అడగండి. వరసగా మూడు వారాలు ఏ పేరూ రాకపోతే హౌస్ మాస్టరుకి చెప్పండి, పిల్లాడికి తెలియకుండా.

"నచ్చకపోతే చెప్పు, వెంటనే వచ్చి తీసుకెళ్లిపోతా" అని మాత్రం చేర్పించేటప్పుడే మాట ఇవ్వకండి. ప్రేమతోనే అంటారు, తెలుసు. ఇంటి బెంగ మీద 2007లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం తరఫున వచ్చిన పత్రంలో తల్లిదండ్రులకి చేసిన ముఖ్య హెచ్చరికల్లో ఇదొకటి. ఆ మాటలో దాగున్న అర్థం పిల్లాడికి వెంటనే అందుతుంది: నీవల్ల కాదని అమ్మే అనుకుంటోంది. పైగా ఆ మాట ఇచ్చాక తీసుకెళ్లకపోతే అబద్ధం, తీసుకెళ్తే ఓటమి. దానికి బదులు ముందే రెండు మూడు రాత్రులు అమ్మమ్మ ఊళ్లోనో పిన్ని ఇంట్లోనో ఒక్కణ్ణే వదిలి అలవాటు చెయ్యడం, ఎన్ని రోజులకి వస్తామో క్యాలెండరులో చూపించడం మంచిదని అదే పత్రం చెబుతుంది. నా తరఫున ఇంకొకటి: ఊరగాయ సీసా పంపేటప్పుడు కాస్త పెద్దది పంపండి. హాస్టల్లో ఆవకాయ కన్నా చెల్లుబాటయ్యే నాణెం లేదు. సకినాలు, చెగోడీలు వచ్చిన రోజు ఆ మంచం మీద నలుగురు చేరతారు. తిండి అయ్యాక ముగ్గురు పోయినా ఒకడు మిగులుతాడు.

కొత్త పిల్లలకి ధైర్యం చెప్పే పని మాస్టర్ల కన్నా ఏడో తరగతివాళ్లు బాగా చేస్తారు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం మాడిసన్ ఊళ్లో 11 బడుల్లో ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలకి చిన్న రాత అభ్యాసాలు ఇచ్చారు. ముందు ఏళ్లలో చేరిన పిల్లలు తమకీ మొదట్లో ఇక్కడ ఎవరూ లేరనిపించిందనీ, తర్వాత సర్దుకుందనీ చెప్పిన మాటలు చదివి, దాని గురించి రాయడమే ఆ అభ్యాసం. 2019లో వచ్చిన ఫలితాల్లో ఆ పిల్లల హాజరు, మార్కులు, నడవడిక మెరుగయ్యాయని తేలింది. మేం అంత పద్ధతిగా చెయ్యలేదు. జూన్‌లో రెండో ఆదివారం రాత్రి పెద్ద పిల్లల్ని నలుగుర్ని పిలిచి, మొదటి నెల ఎలా గడిచిందో చెప్పమనేవాళ్లం. ఒకడు బట్టలు ఉతకడం రాక సబ్బు కరిగేదాకా రుద్దిన సంగతి, ఒకడు గోడ దూకి బస్టాండు దాకా వెళ్లి, బస్సు ఛార్జీకి డబ్బుల్లేక తిరిగొచ్చిన సంగతి. గోడ దూకినవాడు ఇప్పుడు స్కూల్ కెప్టెన్. కొత్తవాళ్లు నోళ్లు తెరుచుకుని వింటారు. తమకొక్కరికే ఇలా ఉందనుకున్నది అబద్ధమని వాళ్లకి తెలిసే రాత్రి అది.

నవోదయల్లో ఇంకో మెట్టు ఉంది. తొమ్మిదో తరగతిలో ముప్పై శాతం మందిని ఏడాదిపాటు వేరే భాష మాట్లాడే రాష్ట్రపు నవోదయకి పంపుతారు. మన పిల్లలు హిందీ ప్రాంతాలకి వెళ్తారు. మూడేళ్లు కష్టపడి కూర్చుకున్న స్నేహాలు వదిలి, అన్నం బదులు రొట్టె, జోకులు అర్థం కాని భాష. వెళ్లొచ్చినవాళ్లు పదేళ్ల తర్వాత ఆ ఏడాదిని గొప్పగా చెప్పుకుంటారు. వెళ్లే ముందు నెలలో వాళ్లతో ఎవరు కూర్చుని మాట్లాడతారన్నదే నా ప్రశ్న.

ఇక వెలి. పిల్లాడు ఎవరితోనూ కలవకపోవడానికి కొన్నిసార్లు వాడి మనసులో కాపలావాడు కారణం కాదు. నిజంగానే దూరం పెడుతున్నారు. కులం పేరెత్తి, రంగు పేరెత్తి, నత్తి వస్తోందని, తండ్రి జైల్లో ఉన్నాడని. "వాడితో మాట్లాడితే నీతో కటీఫ్" అని తరగతి మొత్తాన్ని ఒక్కడు శాసించడం నేను చూశాను. అలాంటప్పుడు బాధపడే పిల్లకి ధైర్యవచనాలు చెప్పడం, నవ్వుకి మూడు కారణాలు వెతకమనడం ద్రోహం. అక్కడ మారాల్సింది ఆ పిల్ల కాదు. దూరం పెట్టేవాళ్లనీ, చూస్తూ ఊరుకున్నవాళ్లనీ, తెలిసీ తెలియనట్టున్న మమ్మల్నీ అడగాలి. ఫలానా పిల్లాడి చెయ్యి తగిలిందని పళ్లెం మళ్లీ కడుక్కునే పిల్లలున్న చోట మెస్సులో కూర్చునే వరస ఎవరు తేల్చాలో హెడ్మాస్టరు తేల్చాలి, ఆ రోజే.

ఇంకొన్ని గుర్తులుంటే మాస్టర్ల చేతుల్లో ఆపకూడదు. రోజూ బడికెళ్లే ముందు కడుపునొప్పి, వారాల తరబడి నిద్ర లేకపోవడం, ఇష్టమైన ఆట కూడా మానెయ్యడం, తన వస్తువులు ఇతరులకి పంచెయ్యడం, నేను లేకపోతే ఎవరికి నష్టం అనడం. ఈ ఆఖరు మాట సరదాకి అన్నా సరదాగా తీసుకోకండి. ఎందుకలా అన్నావని తిట్టకుండా పక్కన కూర్చుని, చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. ఆ పిల్లని ఒంటరిగా వదలకండి. 2022 నుంచి నడుస్తున్న మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. పిల్లల సహాయానికి 1098. రెండూ స్టాఫ్ రూములో కాదు, పిల్లలు ఫోను చేసుకునే చోట గోడ మీద పెద్దక్షరాల్లో రాయించండి.

మెస్ పిల్లాడి దగ్గరికి వస్తాను. వర్షాలు తగ్గేసరికి బెండకాయలు కాశాయి. పళ్లెం కడగడం ఒక్కసారికి తగ్గింది. వరసలో ఆఖరున నిలబడటం మాత్రం దసరా దాకా మానలేదు. తేడా అల్లా, ఆఖరున ఇద్దరుండేవాళ్లు. సంక్రాంతి సెలవులయ్యాక మొదటి ఆదివారం వాళ్లమ్మ నాకు ఫోన్ చేసింది. గొంతులో కంగారు.

"సార్, మావోడికి అక్కడ సుఖం లేదంట సార్. పక్క మంచం పిలగాడు రాత్రంతా గురక పెడతాడంట. వీడి దుప్పటి కూడా లాగేసుకుంటాడంట. పొద్దున లేస్తే మళ్లీ వాడితోనే తోటకి పోవాల్నంట. ఫోన్‌లో ఉన్నంతసేపూ వాడి గురించే చెప్పిండు సార్. మంచం మార్పిస్తరా?"

మార్చనమ్మా అన్నాను.